లువోయాంగ్ చూసి, బస్సులో షావోలిన్ మీదుగా జెంగ్జౌ దాకా: సమగ్ర మార్గదర్శి

చైనా వెళ్లిన మనవాళ్లు ఎక్కువమంది బీజింగ్ గోడ, షాంఘై లైట్లు, గ్వాంగ్‌జౌ హోల్‌సేల్ మార్కెట్లు చూసుకుని వెనక్కి వచ్చేస్తారు. హెనాన్ రాష్ట్రంలోని లువోయాంగ్ ఆ జాబితాలో ఉండదు. నిజానికి మనకు చుట్టరికం ఉన్న ఊరు అదే. బౌద్ధ గ్రంథాలు పట్టుకుని మన దేశం నుంచి వెళ్లిన భిక్షువులకు చైనా చక్రవర్తి గుడి కట్టించింది అక్కడే. ఏడో శతాబ్దంలో మన ధాన్యకటకం, అంటే నేటి అమరావతి ప్రాంతం దాకా వచ్చి కొన్ని నెలలు చదువుకుని వెళ్లిన హుయాన్ త్సాంగ్ పుట్టింది ఆ ఊరి పక్కనే. బౌద్ధ భిక్షువు బోధిధర్ముడు ధ్యానంలో గోడకెదురుగా కూర్చున్నాడనే షావోలిన్ మఠం కొండకు వెళ్లే బస్సు కూడా ఆ ఊళ్లోనే ఎక్కాలి.

నేను చెప్పే దారి ఇది: లువోయాంగ్‌లో రెండు పూర్తి రోజులు, మూడో రోజు బస్సులో షావోలిన్‌కు దగ్గరి ఊరు డెంగ్‌ఫెంగ్, నాలుగో రోజు పొద్దున్నే షావోలిన్, ఐదో రోజు మళ్లీ బస్సులో హెనాన్ రాజధాని జెంగ్జౌ. లువోయాంగ్ నుంచి జెంగ్జౌకు బుల్లెట్ రైలు ముప్పావుగంట లోపే తీసుకెళ్తుంది. కానీ అది కొండల్ని పక్కన పెట్టేసి మైదానంలో దూసుకుపోతుంది. చూడాల్సినవన్నీ ఆ కొండల్లోనే ఉన్నాయి కాబట్టి ఈ ఒక్క ముక్కకీ బస్సే ఎక్కండి.

ఎప్పుడు వెళ్లాలి

ఏప్రిల్ అయితే మంచిది. లువోయాంగ్‌ను పియోనీ పూల ఊరు అంటారు. ఏప్రిల్ మొదటి మూడు వారాల్లో పార్కులన్నీ అరచేతి కన్నా పెద్ద పూలతో నిండిపోతాయి. అప్పుడు హోటల్ ధరలు పెరుగుతాయి, జనమూ ఎక్కువే. పూలు అక్కర్లేదు, ప్రశాంతంగా ఉంటే చాలనుకునేవాళ్లు అక్టోబర్ రెండో వారం తర్వాత వెళ్లండి. మే మొదటి వారం, అక్టోబర్ 1 నుంచి 7 దాకా, చైనా కొత్త సంవత్సరం సెలవులు: ఈ మూడు సమయాల్లో మాత్రం ఆ వైపు చూడొద్దు. దేశం మొత్తం ప్రయాణాల్లోనే ఉంటుంది, బస్సులో సీటు దొరకడమే గగనం. జూన్ నుంచి ఆగస్టు దాకా ఎండ మన కోస్తా ఎండకేం తీసిపోదు.

కాగితాలు, డబ్బు, ఫోన్: ఇంట్లోనే తేల్చుకోండి

భారత పాస్‌పోర్టుకు ముందే టూరిస్టు వీసా తీసుకోవాలి. 240 గంటల వీసా లేని ట్రాన్సిట్ గురించి వీడియోల్లో వింటుంటారు, అది మనకు వర్తించదు. అమెరికా పాస్‌పోర్టు ఉన్న తెలుగువాళ్లకు వర్తిస్తుంది. ఆ సదుపాయం ఉన్న ప్రాంతాల జాబితాను 2024 డిసెంబర్‌లో విస్తరించారు, అందులో హెనాన్ కూడా ఉంది. అయితే ఒక దేశం నుంచి వచ్చి వేరే దేశానికి వెళ్తుండాలి, ముందుకు వెళ్లే టికెట్ చేతిలో ఉండాలి. గ్రీన్‌కార్డు ఉండి పాస్‌పోర్టు మనదే అయితే వీసా తప్పదు. అరైవల్ కార్డును 2025 నవంబర్ నుంచి ఆన్‌లైన్‌లోనే నింపుకోవచ్చు. బయల్దేరే ముందు రోజు ఆ పని చేసేస్తే దిగగానే లైన్లో నిలబడి పెన్ను వెతుక్కునే పని ఉండదు.

2025 అక్టోబర్ చివర్లో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకు నేరుగా విమానం మళ్లీ మొదలైంది, తర్వాత ఢిల్లీ నుంచి కూడా. గ్వాంగ్‌జౌలో దిగితే హైస్పీడ్ రైల్లో హెనాన్ చేరడానికి దాదాపు ఒక పూట పడుతుంది. హాంకాంగ్ మీదుగా వెళ్లి ఊళ్లోకి కూడా అడుగుపెట్టాలనుకుంటే, భారతీయులకు హాంకాంగ్ ప్రవేశానికి ఆన్‌లైన్‌లో ముందస్తు నమోదు కావాలి. ఇది చాలామందికి విమానాశ్రయం దాకా వెళ్లాకే తెలుస్తుంది.

చైనాలో దేశీయ విమానం ఎక్కే ఆలోచన ఉంటే పవర్ బ్యాంక్ మీద '3సి' అనే చైనా భద్రతా ముద్ర ఉందో లేదో చూసుకోండి. 2025 జూన్ 28 నుంచి ఆ ముద్ర లేనివాటిని దేశీయ విమానాల్లోకి రానివ్వడం లేదు. ఇక్కడ కొన్నవాటి మీద ఆ ముద్ర సాధారణంగా ఉండదు. రైలు, బస్సు ప్రయాణానికి ఈ గొడవ లేదు.

డబ్బు సంగతి. చైనాలో ఫోన్‌తో డబ్బు కట్టే అలీపే యాప్ ఇక్కడే వేసుకుని, పాస్‌పోర్టుతో గుర్తింపు పూర్తి చేసి, వీసా లేదా మాస్టర్ కార్డు జతచేయండి. విదేశీ ఖర్చులకు బ్యాంకు అనుమతి ఆన్ చేసి ఉండాలి. విదేశీ కార్డుతో ఒకేసారి 200 యువాన్లు దాటితే 3 శాతం అదనంగా పడుతుంది, అందులోపు ఏమీ పడదు. అందుకే హోటల్ బిల్లు తప్ప మిగతావన్నీ చిన్న చిన్నగా కట్టేయొచ్చు. రూపే కార్డు మీద ఆధారపడి వెళ్లొద్దు. వీచాట్‌లో కూడా కార్డు పెట్టుకుంటే ఒకటి మొరాయించినా రెండోది ఉంటుంది. వీటికి తోడు ఒక 500 యువాన్ల నోట్లు జేబులో ఉంచుకోండి. యువాన్ అంటే సుమారు 12, 13 రూపాయలు.

గూగుల్, వాట్సాప్, యూట్యూబ్ అక్కడి నెట్‌లో పనిచేయవు. మన సిమ్ మీదే ఇంటర్నేషనల్ రోమింగ్ వేసుకుంటే, లేదా విదేశీ ఈసిమ్ తీసుకుంటే సాధారణంగా పనిచేస్తాయి. హోటల్ వైఫైకి మారగానే ఆగిపోతాయి. పాపం ఫోన్ పాడైందని కంగారుపడేవాళ్లు ఉంటారు, అది ఫోన్ తప్పు కాదు. దారి కోసం 'ఆమ్యాప్' అనే చైనా మ్యాప్ వేసుకోండి, ఇంగ్లీషులోనూ ఉంది. గూగుల్ మ్యాప్ అక్కడ తెరుచుకున్నా చుక్క కొన్ని వందల మీటర్లు పక్కకు చూపిస్తుంది. అనువాదం యాప్‌లో చైనీస్ భాషను ఆఫ్‌లైన్ కోసం డౌన్‌లోడ్ చేసిపెట్టుకోండి.

లువోయాంగ్‌లో దిగాక

ఊరికి రెండు పెద్ద స్టేషన్లు. హైస్పీడ్ రైళ్లు దక్షిణాన ఉన్న లువోయాంగ్ లాంగ్‌మెన్ స్టేషన్‌కు వస్తాయి, మామూలు రైళ్లు ఉత్తరాన ఉన్న పాత లువోయాంగ్ స్టేషన్‌కు. రెండింటినీ మెట్రో రెండో లైను కలుపుతుంది. 2021లో వచ్చిన ఈ మెట్రోలో ఉన్నవి రెండే లైన్లు, అవి జియెఫాంగ్ లూ స్టేషన్ దగ్గర ఒకదాన్నొకటి దాటుతాయి. తప్పిపోదామన్నా కుదరదు.

బస పాత స్టేషన్‌కీ పాత బస్తీకీ మధ్య తీసుకోండి. మూడో రోజు పొద్దున సామానుతో బస్ స్టేషన్‌కు వెళ్లడం తేలికవుతుంది, సాయంత్రం నడుచుకుంటూ పాత బస్తీ తిరగొచ్చు. హోటల్ వాళ్లు పాస్‌పోర్టు తీసుకుని పోలీసులకు నమోదు చేస్తారు, అది చట్టప్రకారం జరగాల్సిందే. తెలిసినవాళ్ల ఇంట్లో దిగితే మాత్రం 24 గంటల్లోపు మీరే పోలీస్ స్టేషన్‌లో నమోదు చేయించుకోవాలి. హోటల్ కౌంటర్ దగ్గర రెండు పనులు చేయించుకోండి. ఒకటి, హోటల్ పేరు, చిరునామా చైనా లిపిలో ఉన్న కార్డు. రెండు, మీరు శాకాహారులైతే 'మాంసం, చేప, గుడ్డు, మాంసం రసం వద్దు' అని చైనా లిపిలో రాయించుకుని ఫోటో తీసుకోవడం. 'మాంసం రసం' అన్న ముక్క మర్చిపోవద్దు, ఎందుకో కింద చెప్తాను.

మొదటి రోజు: లాంగ్‌మెన్ గుహలు

ఊరికి దక్షిణాన సుమారు 12 కిలోమీటర్లు. యీ నది రెండు కొండల మధ్య నుంచి పారుతుంది, ఆ కొండల సున్నపురాయిలో తొలిచిన గుహలు, గూళ్లు కలిపి 2,300 పైనే. విగ్రహాలు లక్ష దాకా. ఉత్తర వెయ్ వంశపు రాజులు క్రీ.శ. 493 ప్రాంతంలో రాజధానిని లువోయాంగ్‌కు మార్చుకున్నప్పుడు మొదలైన పని టాంగ్ వంశపు రాజుల కాలం దాకా సాగింది. 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. టికెట్ 90 యువాన్లు, పాస్‌పోర్టు వెంట ఉండాలి.

ఇక్కడ ఒక్కటే సూత్రం: తెరిచే వేళకు గేటు దగ్గర ఉండండి. ప్రధాన గుహలన్నీ పశ్చిమ కొండ మీద, తూర్పుకు ముఖం పెట్టి ఉన్నాయి. పొద్దుటి ఎండ నేరుగా విగ్రహాల ముఖాల మీద పడుతుంది. మధ్యాహ్నం దాటితే అవే ముఖాలు నీడలోకి వెళ్లిపోతాయి. గ్రూపు టూర్ల బస్సులు తొమ్మిదిన్నర, పది నుంచి దిగుతుంటాయి.

ఉత్తరం నుంచి దక్షిణానికి నడవాలి. బిన్‌యాంగ్ మధ్య గుహ దగ్గర, ద్వారానికి రెండు పక్కలా లోపలి గోడలు చూడండి. చక్రవర్తి, మహారాణి పరివారంతో ఊరేగింపుగా వెళ్తున్న శిల్పాలు ఉండాల్సిన చోట ఉలిదెబ్బల గుంతలు ఉంటాయి. 1930లలో ఆ రాతిని ముక్కలుగా చెక్కి అమ్ముకున్నారు. చక్రవర్తి ఊరేగింపు ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో, మహారాణిది కాన్సస్ సిటీలోని నెల్సన్ అట్కిన్స్ మ్యూజియంలో ఉన్నాయి. కాన్సస్ సిటీలో ఉన్న మనవాళ్లు ఈ గుహలో సగం అక్కడే చూసేయొచ్చు. ఇంకాస్త ముందుకెళ్తే 15,000 బుద్ధులున్న గుహ. ఒక్కో బుద్ధుడు బొటనవేలంత, గోడలంతా ఖాళీ లేకుండా వాళ్లే. చాలా చోట్ల విగ్రహాలకు తలలు లేవు. అమ్మకానికి పోయినవి కొన్ని, విరగ్గొట్టినవి కొన్ని.

తర్వాత మెట్లెక్కితే ఫెంగ్‌షియన్ ప్రాంగణం. మధ్యలో వైరోచన బుద్ధుడు, 17.14 మీటర్లు, చెవులే ఒక్కొక్కటీ 1.9 మీటర్లు. అటూ ఇటూ ఆనందుడు, కాశ్యపుడు, బోధిసత్త్వులు, లోకపాలకులు, ద్వారపాలకులు. టాంగ్ చక్రవర్తి భార్య ఊ జెటియన్ రాణి తన సింగారం ఖర్చుల సొమ్ములోంచి 20,000 దండల నాణేలు దీనికి ఇచ్చిందని పీఠం మీద రాసి ఉంది. 675లో పూర్తయింది. బుద్ధుడి ముఖం ఆమెదేనని గైడ్లు గట్టిగా చెప్తారు. ఆధారం లేదు గానీ విన్నాక ఆ చిరునవ్వు వేరేగా కనిపించే మాట నిజం. ఇక్కడ తొందరపడొద్దు. జనం ముందువైపు సెల్ఫీల్లో ఉంటారు. మీరు కుడి పక్క లోకపాలకుడి దగ్గరకు వెళ్లి, ఆయన కాలికింద నలుగుతున్న మరుగుజ్జు యక్షుణ్ని చూడండి. పళ్లు బిగించి, ఒక్కడే అంత బరువూ మోస్తున్నట్టుంటాడు.

దక్షిణం చివర గుయాంగ్ గుహ అన్నిటికన్నా పాతది. దానికి ముందు వచ్చే ఔషధాల గుహలో వాకిలి పక్క రాతి మీద వైద్యం చిట్కాలు చెక్కారు, దాదాపు 140. అక్కణ్నుంచి వంతెన దాటి తూర్పు ఒడ్డుకు వెళ్లండి. వైరోచనుడి మొత్తం ప్రాంగణం ఒక్క చూపులో కనిపించేది అటునుంచే. ఓపిక ఉంటే షియాంగ్‌షాన్ గుడి, కవి బాయ్ జుయీ సమాధి ఉన్న తోట కూడా అదే టికెట్ మీద చూడొచ్చు. మొత్తం నాలుగు గంటలు. బూట్లు వేసుకోండి, చెప్పులతో ఆ మెట్లు నరకం.

రెండో రోజు: తెల్లగుర్రం గుడి, పాత బస్తీ

మెట్రో మొదటి లైను తూర్పు చివర యాంగ్‌వాన్‌లో దిగి, అక్కణ్నుంచి సిటీ బస్సు గానీ టాక్సీ గానీ. గుడి పేరు బాయ్‌మా సీ, తెల్లగుర్రం గుడి. క్రీ.శ. 68లో హాన్ చక్రవర్తి మింగ్ కట్టించాడని సంప్రదాయం. కాశ్యప మాతంగ, ధర్మరత్న అనే ఇద్దరు భారతీయ భిక్షువులు గ్రంథాలను తెల్లగుర్రం మీద మోయించుకొచ్చారట. ప్రవేశం 35 యువాన్లు.

గేటు దాటగానే అందరూ నేరుగా పెద్ద మందిరానికి పోతారు. మీరు ముందు ప్రాంగణంలో తూర్పు మూలకూ పడమటి మూలకూ వెళ్లండి. గడ్డి మొలిచిన రెండు గుండ్రటి మట్టి దిబ్బలు, ముందు శిలాఫలకాలు. ఆ ఇద్దరి సమాధులూ అవే. ఇంటికి తిరిగి రాకుండా అక్కడే ఉండిపోయారు.

గుడికి పడమటి వైపు భారతీయ శైలి మందిరం ఉంది. మన ప్రభుత్వం కట్టించింది, 2010 మే నెలలో అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ప్రారంభించారు. బయట సాంచి స్తూపం పోలిక, లోపల సారనాథ్ బుద్ధుడి పోలికలో విగ్రహం. పక్కనే థాయ్, మయన్మార్ మందిరాలు బంగారు రంగులో మెరిసిపోతుంటాయి. రాతితో నిరాడంబరంగా నిలబడింది మనదే, నాకు అదే నచ్చింది.

తూర్పు వైపు కాస్త నడిస్తే చీయున్ గోపురం, 1175లో కట్టింది. దానికి 20 మీటర్ల దూరంలో నిలబడి చప్పట్లు కొడితే గోపురం అంతస్తుల అంచుల నుంచి వచ్చే ప్రతిధ్వని కప్ప బెకబెకలా వినిపిస్తుంది. పెద్దవాళ్లు కూడా పిల్లల్లా కొడుతూనే ఉంటారు.

మధ్యాహ్నం లువోయాంగ్ మ్యూజియం. ఉచితం, సోమవారం సెలవు. దానికి బదులు జౌవాంగ్‌చెంగ్ చౌకు దగ్గర నేల కింద ఉన్న రథాల మ్యూజియం చూసినా సరే. ఆరు గుర్రాల రథం గుర్రాల అస్థిపంజరాలతో సహా తవ్విన చోటే ఉంది.

సాయంత్రం లీజింగ్ గేటు నుంచి పాత బస్తీలోకి నడవండి. పాతకాలపు హాన్‌ఫు దుస్తులు అద్దెకు తీసుకుని, జడలో పూలు పెట్టుకుని ఫోటోలు దిగే అమ్మాయిలతో వీధి వీధంతా పెళ్లివారి సందడిలా ఉంటుంది. ఇక భోజనం. ఈ ఊరి పేరున్న విందు 'షుయ్ షీ'. 24 వంటకాలు, చాలావరకు పులుసులే, ఒకటి తీసేయగానే ఇంకోటి వస్తుంది. అందులో రాణివాసపు వంటకంగా చెప్పే 'పియోనీ వంటకం' ముల్లంగిని దారాల్లా తరిగి, పువ్వు ఆకారంలో పేర్చి చేస్తారు. 1973లో అప్పటి కెనడా ప్రధాని పియర్ ట్రూడో లువోయాంగ్ వచ్చినప్పుడు ఆయనకు చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఈ వంటకం పెట్టించారు. చూడ్డానికి ముల్లంగే కదా అని శాకాహారులు తినేస్తారు. ఆ ముల్లంగి ఉడికేది మాంసం రసంలో. అందుకే పైన ఆ ముక్క రాయించుకోమన్నది. శాకాహారులకు పొద్దున టోఫు, పచ్చి కూరల నూడుల్స్, గుళ్ల దగ్గరి శాకాహార భోజనశాలలు దిక్కు. చైనాలో ప్రతి హోటల్లో, స్టేషన్లో మరిగిన నీళ్లు దొరుకుతాయి కాబట్టి కప్పు ఉప్మా ప్యాకెట్లు, కంది పొడి తెచ్చుకున్నవాళ్లే రాజులు.

బస్ స్టేషన్: అసలు పని ఇక్కడే

హైస్పీడ్ రైళ్లు వచ్చాక చైనాలో దూరప్రాంత బస్సులు బాగా తగ్గాయి. కొన్ని స్టేషన్లు మూతపడ్డాయి, కొన్ని కలిసిపోయాయి. పాత గైడు పుస్తకంలోని టైమింగ్స్ నమ్ముకోవద్దు. లువోయాంగ్‌లో దూరప్రాంత బస్ స్టేషన్ అంటే పాత రైల్వే స్టేషన్ ఎదుటి ప్రాంతం. రెండో రోజు సాయంత్రమే అటు ఒక చుట్టు వేసి, డెంగ్‌ఫెంగ్ బస్సు అక్కడే ఎక్కాలా, పొద్దున ఎన్నింటికి మొదలు, ఆఖరిది ఎప్పుడు అని అడిగి రండి. భాష సమస్య లేదు. ఫోన్‌లో చైనా లిపిలో 'రేపు, డెంగ్‌ఫెంగ్, ఒక మనిషి' అని చూపిస్తే కౌంటర్ అమ్మాయి కాలిక్యులేటర్‌లో ధర కొట్టి చూపిస్తుంది.

టాక్సీ ఎక్కేటప్పుడు జాగ్రత్త. బస్ స్టేషన్‌ను 'చీ చే జాన్' అంటారు, రైల్వే స్టేషన్‌ను 'హువో చే జాన్'. మన నోట రెండూ ఒకేలా వినిపిస్తాయి, అందుకే రాసిందే చూపించండి.

టికెట్ కొనడానికి పాస్‌పోర్టు తప్పనిసరి. దూరప్రాంత బస్సులకు పేరుతోనే టికెట్ ఇస్తారు. యంత్రాలు ఉంటాయి గానీ అవి ఎక్కువగా చైనా గుర్తింపు కార్డు కోసం తయారైనవి, నేరుగా కిటికీ దగ్గరకే వెళ్లండి. కొన్ని యువాన్ల ప్రమాద బీమా కలిపి ఇస్తుంటారు, వద్దంటే తీసేస్తారు. నేనైతే ఉండనివ్వమంటాను, ఆ డబ్బుతో టీ కూడా రాదు. చార్జీ ఎలాగూ రెండంకెల్లోనే.

టికెట్ చేతికి రాగానే చూడాల్సినవి మూడు: బయల్దేరే సమయం, గేటు నంబరు, బస్సు నంబరు ప్లేటు. మూడోదే అన్నిటికన్నా ముఖ్యం. ఒకే గేటు ముందు మూడు బస్సులు ఆగి ఉంటాయి, ముందు రాసిన ఊరి పేరు మనం చదవలేం. నంబరు ప్లేటులోని ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు మాత్రం ఎవరైనా చదవగలరు. టికెట్ మీద అది లేకపోతే గేటు దగ్గరి ఉద్యోగికి టికెట్ చూపించండి, చేత్తో చూపిస్తారు.

లోపలికి వెళ్లేటప్పుడు సామాను ఎక్స్‌రే మెషీన్‌లో పెట్టాలి. లైటరు, పళ్లు కోసుకునే చాకు, స్ప్రే డబ్బాలు ఉంటే తీసేస్తారు, వాదించి లాభం లేదు. అరగంట ముందు వెళ్తే చాలు. గేటు మూసేది బయల్దేరడానికి కొద్ది నిమిషాల ముందు, ఆ తర్వాత బతిమాలినా తెరవరు. పెద్ద పెట్టె బస్సు కింద డిక్కీలో మీరే పెట్టుకోవాలి. పాస్‌పోర్టు, మందులు, డబ్బు ఉన్న సంచి మాత్రం ఒళ్లోనే. సీటు నంబరు టికెట్ మీద ఉన్నా దగ్గరి ఊళ్ల బస్సుల్లో ఎవరికి నచ్చిన చోట వాళ్లు కూర్చుంటారు, టెన్షన్ పడకండి. బెల్టు పెట్టుకున్నారా లేదా అని స్టేషన్ గేటు దగ్గర ఒక మనిషి ఎక్కి చూస్తారు, అందరూ పెట్టుకునేదాకా బస్సు కదలదు.

స్టేషన్ బయట 'షావోలిన్, షావోలిన్' అని కేకలేస్తూ చెయ్యి పట్టుకునేవాళ్లు ఉంటారు. వన్‌డే టూర్ అంటారు, చవగ్గా చెప్తారు. దారిలో టికెట్ పెట్టి చూడాల్సిన ఏదో చిన్న గుడి దగ్గర, మందుల దుకాణం దగ్గర ఆపి, చివరికి షావోలిన్‌లో గంటన్నర ఇస్తారు. నవ్వి తల అడ్డంగా ఊపి ముందుకు నడవండి.

ఇంకో మాట, రాత్రి బస్సుల మీద ఆశ ఉన్నవాళ్లకు. మన హైదరాబాద్, బెంగళూరు స్లీపర్ అలవాటు అక్కడ పనికిరాదు. దూరప్రాంత బస్సులు రాత్రి రెండు నుంచి ఐదు దాకా నడవకూడదని నిబంధన, కొత్త స్లీపర్ బస్సుల తయారీని 2012లోనే ఆపేశారు. మధ్య రాత్రి ఏదో సర్వీస్ ఏరియాలో మూడు గంటలు బస్సులోనే కూర్చోవాలి. పెద్ద దూరాలకు రైలెక్కండి, పగటిపూట చిన్న దూరాలకు బస్సు.

మూడో రోజు: డెంగ్‌ఫెంగ్ దారి

ప్రయాణం గంటన్నర దాకా. పొద్దున తొమ్మిది, పది మధ్య బస్సు తీసుకోండి. దారి యాన్‌షీ ప్రాంతం పక్కగా పోతుంది. హుయాన్ త్సాంగ్ పుట్టిన చెన్‌హె ఊరు అటే, గౌషీ పట్టణం దగ్గర. ధాన్యకటకంలో సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘిక అనే బౌద్ధ శాఖ శాస్త్రాలు చదివి, తిరిగి వాళ్లకు తాను చదువు చెప్పిన మనిషి ఊరది. బస్సు ఆగదు. అక్కడి స్మారకం చూడాలనుకుంటే లువోయాంగ్ నుంచి టాక్సీ మాట్లాడుకుని ఒక పూట వేరుగా పెట్టుకోవాలి. అమరావతి చుట్టుపక్కల ఊళ్లవాళ్లయితే ఆ ఒక్క పూటా కేటాయించండి.

మైదానం అయిపోయి సోంగ్‌షాన్ కొండలు మొదలయ్యాక రోడ్డు మెలికలు తిరుగుతుంది. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు ముందు సీట్లు పట్టుకోండి. కండక్టర్ 'షావోలిన్ సీ' అని పిలవొచ్చు. దిగొద్దు. షావోలిన్ డెంగ్‌ఫెంగ్‌కు 13 కిలోమీటర్ల ముందే వస్తుంది. పెట్టెలు లాక్కుంటూ, టూర్ బస్సులన్నీ దిగే మిట్టమధ్యాహ్నం వేళ ఆ గుళ్లోకి వెళ్లడం దండగ. నేరుగా డెంగ్‌ఫెంగ్ వెళ్లి హోటల్లో సామాను పడేయండి.

ఆ మధ్యాహ్నం ఊరి చుట్టూ ఉన్నవాటికి సరిపోతుంది. వీటన్నిటినీ కలిపి 2010లో యునెస్కో గుర్తించింది. సోంగ్‌యుయె గోపురం 523 నాటిది, చైనాలో నిలిచి ఉన్న ఇటుక గోపురాల్లో అతి పాతది. పన్నెండు ముఖాలు, పదిహేను అంతస్తులు, మొక్కజొన్న పొత్తులా పైకి నున్నగా వంగుతూ పోతుంది. సోంగ్‌యాంగ్ విద్యాలయంలో హాన్ చక్రవర్తి 'సేనాపతి' బిరుదిచ్చాడని చెప్పే సైప్రస్ చెట్లు ఉన్నాయి. సైన్స్ మీద ఇష్టం ఉంటే టాక్సీలో గావోచెంగ్ వెళ్లి, ఖగోళ శాస్త్రజ్ఞుడు గువో షౌజింగ్ 13వ శతాబ్దంలో కట్టించిన వేధశాల చూడండి. మధ్యాహ్నపు నీడ పొడవు కొలిచి సంవత్సరం నిడివి లెక్కకట్టడానికి నేల మీద పొడవాటి రాతి కొలబద్ద పరిచి ఉంటుంది.

నాలుగో రోజు: షావోలిన్

తెల్లవారుజామునే లేవండి. డెంగ్‌ఫెంగ్ నిండా కుంగ్‌ఫు బడులే. ఒకే రంగు ట్రాక్ సూట్లలో వందలాది పిల్లలు వరసలుగా పరిగెడుతూ రోడ్లన్నీ నింపేస్తారు. గుళ్లో టికెట్ కొని చూసే ప్రదర్శన కన్నా నాకు ఇదే అసలు షావోలిన్ అనిపిస్తుంది. సిటీ బస్సు గానీ టాక్సీ గానీ తీసుకుని తెరిచే వేళకు గేటు చేరండి. టికెట్ 80 యువాన్లు. గేటు నుంచి గుడికి కిలోమీటరు పైగా నడక, కావాలంటే బ్యాటరీ బండి.

495లో ఉత్తర వెయ్ చక్రవర్తి షియావోవెన్ ఈ మఠాన్ని బాతువో అనే భారతీయ భిక్షువు కోసం కట్టించాడు. బోధిధర్ముడు వచ్చింది ఆ తర్వాత. సినిమాల పుణ్యమా అని ఆయన కంచి రాకుమారుడని, కుంగ్‌ఫు నేర్పాడని మనవాళ్లకు గట్టి నమ్మకం. దక్షిణ భారత రాజు కొడుకని చెప్పే పాత చైనా రాత ఒకటి ఉన్న మాట నిజమే. అయితే 547 ప్రాంతంలో లువోయాంగ్ మఠాల గురించి రాసిన ఇంకో రచనలో ఆయన పర్షియావాడు. లువోయాంగ్‌లో 516లో కట్టిన యుంగ్‌నింగ్ గోపురం చూసి, నాకు 150 ఏళ్లు, ఇలాంటిది ఎక్కడా చూడలేదు అంటూ చేతులు జోడించి 'నమో' అన్నాడట. ఆ గోపురం 534లో కాలిపోయింది. కుంగ్‌ఫు ఆయనే నేర్పాడన్న కథ మాత్రం చాలా శతాబ్దాల తర్వాత పుట్టింది. గైడ్ చెప్పినప్పుడు విని ఊరుకోండి.

1928లో యుద్ధప్రభువు షి యౌసాన్ సేనలు మఠానికి నిప్పు పెట్టాయి, నలభై రోజులకు పైగా కాలిందంటారు. కాబట్టి ముందు మందిరాలు చాలావరకు కొత్తవి, అక్కడ ఎక్కువసేపు నిలబడకండి. 728 నాటి శిలాఫలకం చూసుకుని నేరుగా వెనక్కి, వేయి బుద్ధుల మందిరానికి వెళ్లండి. గోడ మీద పాత చిత్రాలు, నేల మీద రాతి ఇటుకల్లో వరసగా 48 గుంతలు. శతాబ్దాల తరబడి భిక్షువులు అదే చోట కాలు తాటించి సాధన చేస్తే పడినవని చెప్తారు. పక్కన ఇంకో మందిరం కిన్నర రాజుది. అవును, మన కిన్నరుడే. వంటశాలలో పొయ్యి ఎగదోసే కర్రతో దొంగల్ని తరిమి మఠాన్ని కాపాడిన వంటవాడిగా అక్కడ అవతారమెత్తాడు.

ప్రదర్శన అరగంట, టికెట్‌లోనే భాగం. ఇరవై నిమిషాల ముందు లైన్లో నిలబడితేనే సీటు. తర్వాత గోపురాల వనం. భిక్షువుల సమాధుల మీద కట్టిన 240కి పైగా రాతి, ఇటుక గోపురాలు, అన్నిటికన్నా పాతది 791 నాటిది. బోధిధర్ముడు తొమ్మిదేళ్లు గోడకెదురుగా కూర్చున్నాడనే గుహ పైన కొండ మీద ఉంది. మెట్లు ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కింద చెట్ల నీడలో ఆగిపోవడమే మేలు.

ఐదో రోజు: జెంగ్జౌకు

డెంగ్‌ఫెంగ్ నుంచి జెంగ్జౌ గంటన్నర, బస్సులు పగలంతా ఉంటాయి. ఇక్కడ అడగాల్సింది ఒక్కటే: ఈ బస్సు జెంగ్జౌలో ఏ స్టేషన్‌కు వెళ్తుంది? ఆ మహానగరంలో బస్ స్టేషన్లు చాలా. పాత రైల్వే స్టేషన్ దగ్గరికి వెళ్లేది ఎక్కితే మెట్రో మొదటి లైను పట్టుకుని నేరుగా జెంగ్జౌ తూర్పు స్టేషన్‌కు, అక్కణ్నుంచి హైస్పీడ్ రైలుకు వెళ్లిపోవచ్చు. ఊరి పొలిమేరలో దింపే బస్సు ఎక్కితే ట్రాఫిక్‌లో ఇంకో గంట పోతుంది.

మధ్యలో మూడు గంటలు చిక్కితే హెనాన్ మ్యూజియం. ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు, కానీ ముందుగా ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. జియాహులో దొరికిన, ఎనిమిది వేల ఏళ్లకు పైబడిన కొంగ ఎముక వేణువు అక్కడే ఉంది.

రాత్రి విమానం ఉన్నవాళ్లు మ్యూజియం సంగతి మర్చిపోయి, డెంగ్‌ఫెంగ్‌లో మధ్యాహ్నం ఒంటిగంట లోపే బస్సెక్కేయండి. విమానాశ్రయం ఊరికి దూరంగా షిన్‌జెంగ్ వైపు ఉంది, బస్సు దిగాక మెట్రోలో ఇంకో గంట పైనే లెక్క వేసుకోవాలి.